ఇంద్రావతి తీరాన వసంతం

సెలవులు రాగానే మన కాలనీవాసులలో అధికసంఖ్యాకులు ఊటీకో, అరకులోయకో, తిరుపతికో ప్రయాణమవుతారు. ఆయా ప్రదేశాల సౌందర్యాన్ని గూర్చి మనలో తెలియనివారు లేరు. నేను ఇక్కడ ముచ్చటించబోయేది పర్యాటక కరపత్రాలలో అరుదుగా కానవచ్చే ఊరిని గూర్చి. దాని పేరు భోపాల్‌పట్నం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, ఇంద్రావతీ నది గోదావరిలో కలిసే చోటికి చేరువలో ఉన్నది. ఇంద్రావతి జాతీయ ఉద్యానవనానికి మన వైపునుండి సమీపంలోని పట్టణమిదే. విద్యుదుత్పాదనతో సంబంధం గల మనవంటి వారికి ఈ ఊరిపేరు మరొక కారణంచేత కూడ గుర్తుండదగినది. ఆ సంగతి ముందు ముందు మనవి చేస్తాను.

ప్రయాణ సన్నాహం

గత ఫాల్గుణ మాసాంతంలో, ఉగాదికి వారం రోజులు ముందుగా, హైదరాబాదు నుండి మేము బయలుదేరాము. మా అమ్మగారు, శ్రీమతి, అమ్మాయి, అబ్బాయి, మా బావమరిది దంపతులు, నేను కలిసి ఏడుగురం. బావమరిది అమెరికాలో కొంతకాలం ఉద్యోగం చేసి వచ్చినవాడు. అక్కడ పడక, వంటగది అమర్చిన పెద్ద వాహనాలలో కుటుంబాలు జాతీయ ఉద్యానవనాలకు తరలిపోతాయనీ, వాటిని ఆర్.వి. అంటారనీ చెప్పి, "మనమూ అటువంటిదే ఒకటి సిద్ధం చేద్దాం బావగారూ" అని ఉత్సాహపడ్డాడు. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌ను అద్దెకు మాట్లాడి, యజమాని అనుమతితో వెనుక రెండు వరుసలు తీయించి, అమ్మ నడుము వాల్చడానికి పరుపు వేయించాము. బియ్యం, పప్పు, ఆవకాయ జాడీ, అయిదు కిలోల గ్యాస్ సిలిండరు, రెండు క్యాన్ల మంచినీరు ఎక్కించేసరికి మా శ్రీమతి "కాపురం మార్చినట్లున్నది" అన్నది.

ఒక నియమం మాత్రం మొదటే పెట్టుకొన్నాము. వంట ఊళ్లలో, ఎవరి వాకిటనైనా అడిగి చేసుకోవలెనే గాని, అడవిలో పొయ్యి వెలిగించరాదు. ఆకు రాలిన వసంతంలో టేకు, వెదురు అడవి ఎంత త్వరగా అంటుకొంటుందో తెలిసినవారు ఈ నియమాన్ని ఆక్షేపించరు.

గోదావరి దాటి

హైదరాబాదు నుండి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా భోపాల్‌పట్నం చేరే దారి నేడు 163వ జాతీయ రహదారి. పూర్వపు లెక్కలో ఇది 202. మొత్తం దూరం 300 కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. దారిలో పాలంపేట రామప్ప దేవాలయాన్ని దర్శించాము. 1213లో నిర్మితమై, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ ఆలయాన్ని గూర్చి మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాత్రి తాడ్వాయిలో బస చేశాము.

తాడ్వాయి దాటిన తరువాత అడవి దట్టమయింది. ఆకులు లేని కొమ్మల మీద మోదుగ పూలు నిప్పులవలె ఉన్నవి. బూరుగ చెట్లు ఎర్రని పూలను దారిపై రాల్చుతున్నవి. మధ్యమధ్య కొత్త గుడిసెల సమూహాలు కానవచ్చినవి. అవి గుత్తికోయల గూడేలు. 2005లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత చెలరేగిన హింసకు తాళలేక, అక్కడి ఆదివాసులు వేలాదిగా ఇల్లూ వాకిలీ విడిచి గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవులలోకి వచ్చారు. మేము విహారార్థం వెళుతున్న దారి వెంటనే వారు ప్రాణాలరచేత పెట్టుకొని ఎదురు వచ్చారన్న సంగతి నేను పిల్లలకు చెప్పవలసివచ్చింది.

ఏటూరునాగారం వద్ద ముల్లకట్ట వంతెనపై గోదావరిని దాటాము. ఈ వంతెన రాకముందు జాతీయ రహదారి ఇక్కడ నీటి అంచున ఆగిపోయేది. పడవ దొరకాలి, లేదా 1965లో ప్రారంభమైన భద్రాచలం వంతెన మీదుగా చర్ల, వెంకటాపురం చుట్టి రావాలి. మా అమ్మగారి పుట్టిల్లు ములుగు ప్రాంతం. ఆమె కిటికీలోంచి ఇసుకతిన్నెల వైపు చూసి, "బిడ్డా, అప్పట్ల ఈ రేవు దాటాలంటే పొద్దుగూకేది. ఆవలి ఒడ్డుకు పిల్లనిస్తే మళ్ల చూస్తమో లేదో అనేటోళ్లు" అన్నది. మా వాహనం ఆ దూరాన్ని నాలుగైదు నిమిషాలలో దాటింది. వంతెన విలువను ఇంజనీరింగు గ్రంథాలు ఇన్ని టన్నుల భారమనీ, ఇన్ని మీటర్ల పొడవనీ చెబుతాయి. మా అమ్మ చెప్పిన కొలత వాటిలో లేదు.

వాజేడు మండలం టేకులగూడెంతో తెలంగాణ సరిహద్దు ముగుస్తుంది. తారలగూడ వద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించాము. తనిఖీలో మా పేర్లు, వెళ్లే చోటు, పని వ్రాసికొన్నారు. "చూడడానికి వచ్చాం" అన్న మాట విని అక్కడి యువకుడు నవ్వి, చీకటి పడకముందే ఊరు చేరమని సలహా చెప్పాడు.

మూడు రాష్ట్రాల కూడలి

భోపాల్‌పట్నం పెద్ద ఊరు కాదు. కాని దాని భౌగోళికస్థితి విశిష్టమైనది. దక్షిణాన తెలంగాణ, పడమట ఇంద్రావతికి ఆవల మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. హైదరాబాదు నుండి వచ్చే రహదారి, నిజామాబాదు నుండి జగదల్‌పూర్ పోయే 63వ జాతీయ రహదారి ఇక్కడ కలుస్తాయి. ఒకనాడు ఇది బస్తర్ సంస్థానంలోని జమీందారీ. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరం గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఆ రాజవంశపు ఐతిహ్యం. సంస్థానం 1948లో విలీనమై, తరువాత మధ్యప్రదేశ్‌లో భాగమయింది. ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రంకంటె పెద్దది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. 2007లో బీజాపూర్ ప్రత్యేక జిల్లా అయింది.

బజారులో అడుగుపెట్టగానే మాకు ఆశ్చర్యం కలిగించినది భాష. బోర్డులన్నీ హిందీలో ఉన్నవి. బేరాలు మాత్రం తెలుగులో సాగుతున్నవి. ఒక వృద్ధుడైన కిరాణా వర్తకుడు మమ్ములను పలకరించి, "ఇంట్ల తెలుగు, బడిల హిందీ సారూ. సిరొంచ పోతే మరాఠీ, అడివిల దొర్లోళ్లతోని వాళ్ల మాట. అన్నిట్ల లెక్కపెట్టొస్తది, ఒక్కదాంట్ల రాయొస్తది" అన్నాడు. దొర్లల భాష మన కోయభాషకు దగ్గరిది. పిల్లలకు ఇంటిభాషలో అక్షరాలు రావన్న వెలితి ఆయన మాటలో వినిపించింది. మన పాత పత్రికలు, కథల పుస్తకాలు ఈ ఊరికి చేరితే చదివించుకొనే పెద్దలున్నారని నాకు తోచింది.

ఆ రాత్రి ఒక మిత్రుని బంధువుల ఇంట ఆతిథ్యం పొందాము. ఉగాది నాటికి సమీపంలోని కొండగుహలో వెలసిన సకలనారాయణస్వామికి జాతర జరుగుతుందని వారు చెప్పారు. అప్పటికే దూరపు పల్లెల జనం మూటలతో కదులుతున్నారు.

ఇప్పచెట్టు క్రింద

మర్నాడు తెల్లవారుజామున ఆ ఇంటి ఇల్లాలు మా ఆడవారిని ఊరి వెలుపలి ఇప్పచెట్ల వద్దకు తోడ్కొనిపోయింది. వారి వెనుక నేనూ నడిచాను. ఇప్పపువ్వు రాత్రి చివరిజామున రాలుతుంది. లేత పసుపు రంగులో, కండగల చిన్న ముత్యాలవలె ఉంటుంది. ఎండ ముదరకముందే ఏరి బుట్టలకెత్తాలి. నాలుగైదు రోజులు ఎండబెడితే నిలువ ఉంటుంది. తిండికి, సారాకు, సంతలో ఉప్పుకు, నూనెకు అదే ఆధారం. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. కంచె లేదు, పత్రం లేదు.

మా అమ్మాయి ఒక దొర్ల వృద్ధురాలిని ఇన్ని పూలు ఏరడానికి నడుము నొప్పి పుట్టదా అని అడిగింది. ఆతిథేయురాలు అనువదించగా ఆమె నవ్వి, "చెట్టు రాల్చినన్నాళ్లే గదా" అన్నదట.

పూలు సులువుగా కనబడడానికై చెట్టుక్రింది ఎండుటాకులను కాల్చడం ఈ ప్రాంతపు పాత అలవాటు. మధ్యభారతంలో వసంత గ్రీష్మాలలో అడవులు తగులబడడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఇటీవల ఛత్తీస్‌గఢ్‌లో చెట్టుక్రింద వల కట్టి పూలను నేలతాకకుండ పట్టే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. మన్ను అంటని పువ్వుకు ధర ఎక్కువ, నిప్పు పెట్టవలసిన పని తక్కువ. ఇంత సులభమైన పరిష్కారాన్ని చూసి ఇంజనీరుగా నాకు ముచ్చట కలిగింది.

కనబడని ఉద్యానవనం

ఇంద్రావతి ప్రాంతాన్ని 1981లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. పులుల అభయారణ్యం మొత్తం విస్తీర్ణం సుమారు 2,799 చదరపు కిలోమీటర్లు. నది దానికి ఒక హద్దు. కుటుంబ సమేతంగా జీపులో కూర్చుని లోపలంతా తిరిగిరావచ్చునని ఊహించినవారికి ఇక్కడ నిరాశ తప్పదు. దీర్ఘకాలం సాగిన అశాంతి కారణంగా ఇది కన్హా, తడోబాల వలె పర్యాటకులకు అలవాటైన వనం కాలేదు. మేము అటవీ సిబ్బందిని విచారించగా, అంచువరకు పోయి నదీతీరం చూడవచ్చుననీ, లోపలికి వద్దనీ చెప్పారు. మేము అట్లే చేశాము.

ఈ వనానికి మకుటం పులి అని అందరూ అనుకొంటారు. నిజానికి దీని ప్రత్యేకత అడవి గేదె. మనం అడవిదున్న అని పిలిచే గౌరు వేరు, ఇది వేరు. మన పెంపుడు గేదెలకు మూలజాతి ఇదే. విశాలమైన కొమ్ములు, నీటి ఒడ్డు గడ్డిమైదానాలు దీని లక్షణాలు. అస్సాంలో తప్ప మన దేశంలో చెప్పుకోదగిన సంఖ్యలో ఎక్కడా లేదు. మధ్యభారతంలో కొద్దిపాటి మిగిలినది ముఖ్యంగా ఇంద్రావతి పరిసరాలలో. నదికి ఆవల మహారాష్ట్రలో వీటికోసమే 2013లో కొలామార్కా సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పరచారు. ఛత్తీస్‌గఢ్ తన రాష్ట్రజంతువుగా దీనినే ఎంచుకొన్నది. మాకు మాత్రం గేదె కాదు గదా, దాని అడుగుజాడ కూడ కానరాలేదు. మా అబ్బాయి ఇసుకలో కనబడిన ప్రతి గుంటనూ ఫోటో తీశాడు. వాటిలో అధికభాగం ఊరి గేదెలవే.

అమెరికాలోని ఎల్లోస్టోన్ 1872లో ప్రపంచపు తొలి జాతీయ ఉద్యానవనమయింది. అక్కడ తరతరాలుగా తిరుగాడిన ఆదిమజాతులను తొలగించి, యాత్రికులకు దారులు వేశారు. ఇంద్రావతిలో ఇందుకు విరుద్ధం. పల్లెలు లోపల ఉన్నవి, యాత్రికుడు వెలుపల ఉన్నాడు. బావమరిది కొంత నిరుత్సాహపడినా, "లోపలివాళ్లది ఇల్లు బావగారూ, మనది సెలవు" అన్నాడు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

కట్టని ఆనకట్ట

మొదట మనవి చేస్తానన్న సంగతి ఇది. 1970, 80లలో విద్యుత్ రంగంలో పనిచేసినవారికి ఇచ్చంపల్లి, భోపాల్‌పట్నం అన్న రెండు పేర్లు సుపరిచితం. మొదటిది గోదావరిపై, రెండవది ఇంద్రావతిపై తలపెట్టిన భారీ జలవిద్యుత్ పథకాలు. భోపాల్‌పట్నం పథకం వెయ్యి మెగావాట్ల స్థాయిది. 1980లో వెలువడిన గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ తీర్పులో రాష్ట్రాల ఒప్పందాల ద్వారా ఇచ్చంపల్లికి స్థానం లభించింది. అయితే ముంపులో వేల ఎకరాల అడవి, వందల పల్లెలు ఉన్నవి. కుష్ఠురోగుల సేవకు ఆనందవనాన్ని నెలకొల్పిన బాబా ఆమ్టే 1983, 84లలో ఈ రెండు పథకాలను వ్యతిరేకిస్తూ ఆదివాసులతో కలిసి ఉద్యమించారు. ప్రధాని ఇందిరాగాంధీకి లేఖ వ్రాశారు. పథకాలు నిలిచిపోయినవి.

తిమేడు వద్ద ఇంద్రావతిపై కట్టిన వంతెన చెంత నిలబడి మా అమ్మాయి నన్ను సూటిగా అడిగింది: "ఆనకట్ట కట్టి ఉంటే మంచిదా, కట్టకపోవడమే మంచిదా, నాన్నా?"

నేను ఆమెకు లెక్క చెప్పాను. సెకనుకు వంద ఘనపు మీటర్ల నీరు వంద మీటర్ల ఎత్తునుండి పడితే సుమారు 98 మెగావాట్ల శక్తి. యంత్రాల నష్టం పోగా 90 లోపు చేతికందుతుంది. కనుక వెయ్యి మెగావాట్లకు ఎత్తైనా ఉండాలి, నీరైనా ఉండాలి. చిత్రకూట్ వద్ద ఒకే చోట సుమారు 29 మీటర్లు దూకే ఇంద్రావతి, ఇక్కడికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. నీరు అధికభాగం వానాకాలంలోనే వస్తుంది. ఎత్తు తక్కువైన చోట, నీరు నాలుగు నెలలే పుష్కలంగా వచ్చే చోట, విశాలమైన జలాశయంలో నిలువ చేయక తప్పదు. జలాశయం విశాలమైతే ముంపు విశాలం. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, భూమి వాలు చెప్పే లెక్క.

అయితే లెక్క అక్కడితో ముగియదు. వెయ్యి మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఏడాదిలో 40 శాతం సామర్థ్యంతో నడిచిందనుకొంటే 350 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు చొప్పున, ఆ కరెంటును బొగ్గుతో తీస్తే ఏటా సుమారు 25 లక్షల టన్నులు. కట్టని ఆనకట్టకు బదులు ఎక్కడో గనులు త్రవ్వారు, పొగగొట్టాలు నిలిపారు, అక్కడి ఊళ్లు బూడిదను భరించినవి. మన ఇంట వెలిగిన దీపాలు ఆరలేదు. అడవి మిగిలినందుకు మూల్యం ఎవరో ఒకరు చెల్లించారు. ఆ మూల్యాన్ని గోదావరిఖని వారూ చెల్లించారు, తమ పల్లెకు రోడ్డు, ఆసుపత్రి, బడి దశాబ్దాలపాటు ఆలస్యమైన బస్తర్ వారూ చెల్లించారు.

"అయితే కట్టవలసిందేనా?" అని అమ్మాయి వదలలేదు. కాదన్నాను. బొగ్గును మానడానికి మార్గాలు తరువాతి కాలంలో వచ్చినవి. 2022లో రామగుండం విద్యుత్కేంద్రపు జలాశయం మీదనే వంద మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలు పూర్తిస్థాయిలో పనిచేయసాగినవి. దానికై కొత్తగా ఒక్క పల్లెనూ ముంచలేదు. 1983లో నా వృత్తివారి ముందు ఈ మార్గం లేదు, నేడు ఉన్నది. మునిగిన లోయను మాత్రం ఏ శాస్త్రమూ తిరిగి తేలేదు. రెండు దారులలో ఒకదానిని తరువాత సరిదిద్దుకొనే వీలున్నప్పుడు, వీలులేని దానిని చివరకు వదలడం ఇంజనీరింగులోనూ వివేకమే.

ఈ ప్రశ్న పాతబడలేదు. ఇదే నదిపై ఎగువన బార్సూర్ వద్ద 1979లో శంకుస్థాపన జరిగి ఆగిపోయిన బోధ్‌ఘాట్ పథకాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో మళ్లీ పైకి తెచ్చింది. గోదావరి, కావేరి అనుసంధాన ప్రతిపాదనలలో ఇచ్చంపల్లి పేరు మళ్లీ వినబడింది. ఒడిశాలో ఎగువ ఇంద్రావతి పథకం 600 మెగావాట్లు ఇస్తూ, నీటిని మహానది పరీవాహకంలోకి మళ్లిస్తున్నది. రాష్ట్ర సరిహద్దులో జోరానాలా ద్వారా వేసవి ప్రవాహంలో కొంత శబరి వైపు తరలిపోవడంపై జగదల్‌పూర్ రైతుల ఆందోళన చాలాకాలంగా ఉన్నది. ఒకే నది, అడిగేవారు అనేకులు. అడగలేని అడవి గేదె పక్షాన ఎవరు లెక్క వ్రాస్తారన్నది ప్రశ్న.

సంగమం వద్ద

తిరుగు ప్రయాణంలో భద్రకాళి గ్రామం చేరాము. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించిన ఇంద్రావతి ఇక్కడ గోదావరిలో లీనమవుతుంది. అమ్మవారి దర్శనం చేసుకొని నీటి ఒడ్డుకు దిగాము. మూడు రాష్ట్రాల నేల ఒక్క చూపులో కానవచ్చింది. వసంతంలో నీరు తేటగా, ఇసుక విస్తారంగా ఉన్నది. ఒక పడవవాడు ఆవలి ఒడ్డు వానితో తెలుగులో కేకవేసి మాట్లాడుతున్నాడు. అమ్మ మోకాలిలోతు నీటిలో నిలిచి చాలాసేపు నమస్కరించింది. ఏమి కోరుకొన్నావని అడిగితే, "పోయినోళ్లు తిరిగి ఇండ్లకు రావాలని" అన్నది. తాడ్వాయి దాటిన తరువాత చూసిన గుడిసెలను ఆమె మరువలేదని అప్పుడు తెలిసింది.

యాత్రికులకు సూచనలు

ఈ యాత్రకు ఫాల్గుణ, చైత్ర మాసాలు అనుకూలం. వైశాఖం వస్తే ఎండ దుర్భరం, వానాకాలంలో వాగులు అడ్డుపడతాయి. బయలుదేరేముందు ఏటూరునాగారంలోను, భోపాల్‌పట్నంలోను పరిస్థితిని విచారించి, అధికారుల సలహా పాటించాలి. గుర్తింపు పత్రాలు, మందులు, మంచినీరు వెంట ఉండాలి. రాత్రి ప్రయాణం కూడదు. అడవిలో నిప్పు వెలిగించరాదు, ప్లాస్టిక్ పారవేయరాదు. గ్రామస్థులను అడగనిదే ఫోటోలు తీయరాదు. జంతువులను చూసితీరవలెనన్న పట్టుదల గలవారు తడోబాకు వెళ్లడం మేలు. గుహలు, జలపాతాలు కోరేవారు జగదల్‌పూర్ సమీపంలోని కాంగేర్ లోయ ఉద్యానవనానికి పోవచ్చును.

నదిని, అడవిని, వాటిమధ్య తెలుగు మాట్లాడే మనుషులను చూడగోరేవారు మాత్రం భోపాల్‌పట్నం రావాలి. వచ్చేటప్పుడు సంచిలో నాలుగు తెలుగు కథల పుస్తకాలు వేసుకొని రాగలరు. ఆ కిరాణా వర్తకుడు వాటిని పిల్లలకు చదివి వినిపిస్తానని మాట ఇచ్చాడు. మా వంతుగా మొదటి కట్ట ఇప్పటికే పంపాము.